అల్లుడుగారి ఉద్యోగం మాన్పించకు

చిన్నీ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. బుజ్జిదానికి సినిమాలో వేషం వచ్చిందంటే, అదీ కామెడీ వేషమంటే, నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ షూటింగులకి తిప్పడానికి అల్లుడుగారు ఉద్యోగం మానేస్తానంటున్నారని చివర్లో రాశావు చూడు, అది చదివాక నిద్ర పట్టలేదు. ఆ ఒక్క పనీ చెయ్యనివ్వకు తల్లీ.

అమెరికాలో మూకీ సినిమాల రోజుల్లో బేబీ పెగ్గీ అని ఒక పాప ఉండేది. 1918లో పుట్టింది. ఏడాదిన్నర దాటిందో లేదో, తల్లి వెంట హాలీవుడ్‌లో సెంచరీ స్టూడియోకి వెళ్తే, చెప్పిన మాట వినే పిల్ల అని ఒక డైరెక్టర్‌కి నచ్చి, బ్రౌనీ అనే కుక్కకి జోడీగా పెట్టి రెండు రీళ్ల చిన్న కామెడీ సినిమా తీశాడు. అది ఆడింది. ఇక వరసపెట్టి చిన్న కామెడీలు, పెద్ద తారల్ని అనుకరిస్తూ పేరడీలు, ఆ పాప పోలికలతో ఆటబొమ్మలు కూడా అమ్మారు. రోజుకి ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు పని. స్టంట్లు కూడా చేయించారు, ఒకసారి నిజంగా మండుతున్న గదిలోంచి తనంతట తనే బయటపడాల్సి వచ్చింది.

వాళ్ల నాన్న గుర్రాల మీద డూప్‌గా చేసే మనిషి. తర్వాత కూతురి వ్యవహారాలన్నీ ఆయనే చూసుకున్నాడు. ఏడాదికి 15 లక్షల డాలర్ల ఒప్పందం దాకా వెళ్లారు, వచ్చింది వచ్చినట్టు ఇళ్లకీ కార్లకీ అయిపోయింది, పిల్ల పేరున ఏమీ దాచలేదు. 1925లో డబ్బు దగ్గర నిర్మాతతో ఆయనకి మాట పట్టింపు వచ్చి ఒప్పందం రద్దయింది, అంతే, ఆరేళ్లకే దాని సినిమా జీవితం దాదాపు ముగిసిపోయింది! తర్వాత ఊరూరా స్టేజీ షోలు, కొన్నేళ్లకి గుంపులో ఎక్స్‌ట్రా వేషాలు. గొడవ పెద్దవాళ్లది, ఇల్లు మొయ్యాల్సింది మాత్రం ఆ పసిదే. పెద్దయ్యాక డయానా సెర్రా కేరీ అన్న పేరుతో తన కథ తనే రాసుకుంది, 101 ఏళ్లు బతికి 2020లో పోయింది.

ఇదంతా ఎక్కడో నూరేళ్ల కిందటి మాట అనుకోకు. సెట్లలో ముప్పై ఏళ్లు బట్టల డిపార్ట్‌మెంట్ చూసినదాన్ని. ఒక సీరియల్‌లో ఆరేళ్ల బాబుకి చొక్కా మారుస్తుంటే ఒళ్లు కాలిపోతోంది, అమ్మతో చెబుదాం పద అంటే నా కొంగు గట్టిగా పట్టుకుని "వద్దు ఆంటీ, జ్వరమంటే నాన్న కోప్పడతాడు" అన్నాడు. వాళ్ల నాన్న చెడ్డవాడేం కాదు, ఆ పిల్లాడి పేమెంట్ మీదే వాళ్ల ఇల్లు నడుస్తోంది, అందుకని ఆ రోజు కాల్షీట్ పోతే భయం. ఆ చొక్కా గుండీలు పెడుతుంటే నా చేతులు వణికాయి.

కాబట్టి మీ ఇల్లు మీ జీతాలతోనే నడవాలి. అప్పుడే బుజ్జిది "ఇవాళ వద్దమ్మా" అన్న రోజున నువ్వు ధైర్యంగా "సరే" అనగలవు. మన దగ్గర రూల్ ప్రకారం పిల్లల చేత రోజుకి ఐదు గంటలకి మించి చేయించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు, జిల్లా కలెక్టర్ పర్మిషన్ నిర్మాతే తెచ్చుకోవాలి. పారితోషికంలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో పిల్ల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి. నన్నడిగితే మొత్తం వేసెయ్యండి. ఇవన్నీ మొహమాటపడకుండా అడుగు, అడిగితే వేషం పోతుందని ఎవరైనా బెదిరిస్తే ఆ వేషం మనకొద్దు.

రాత్రి షూటింగ్ అంటే మాత్రం ఒప్పుకోకు. నిద్రపోతున్న పిల్లని తడి టవల్‌తో మొహం తుడిచి లేపడం చాలాసార్లు చూశాను, బుజ్జిదాన్ని అలా లేపుతారంటేనే భరించలేను.

అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే కాగితాలు ఫోన్లో పంపు. ఆదివారం నేనే వస్తాను, అల్లుడుగారితో నేను మాట్లాడతాను.

మీ పెద్దమ్మ