వార్డులో చెత్త సంగతి: కొత్తగా కౌన్సిలరైన మేనకోడలికి

అమ్మలూ,

గెలిచినందుకు సంతోషమని ఫోన్‌లో చెప్పేశాను కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను. వార్డులో ముందు చెత్త సంగతి చూస్తానన్నావు, ఆ మాట నాకు చాలా నచ్చింది. శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా నా ఉద్యోగమంతా అందులోనే గడిచింది, రోడ్డు, లైటు, నల్లా గురించి అడిగే కౌన్సిలర్లే ఎక్కువ, దీన్ని తనంతట తాను పట్టించుకున్నవాళ్లు బహు తక్కువ. ఫోన్‌లో చెప్తే నిలవదని రాస్తున్నా, తీరిగ్గా చదువు.

ర్యాలీతో మొదలుపెట్టకు. బ్యానర్లు, బడి పిల్లలతో ప్రతిజ్ఞలు అవన్నీ తర్వాత. ముందు ఒకరోజు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా మీ వార్డుకొచ్చే చెత్త ఆటో వెనకాల నడు. ఇల్లాలు ఆకుపచ్చ డబ్బాలో తడి చెత్త, నీలం డబ్బాలో పొడి చెత్త విడివిడిగా తెచ్చి ఇస్తే, ఆమె కళ్లముందే ఆ రెండూ ఒకే తొట్టిలో పడటం చాలా ఊళ్లలో చూడొచ్చు. మర్నాటి నుంచి ఆమె ఎందుకు వేరు చేస్తుంది చెప్పు? జనానికి బుద్ధి లేదని ఆఫీసుల్లో అంటుంటారు, నేను ఒప్పుకోను. తాను వేరు చేసింది వేరుగానే వెళ్తోందని కంటికి కనబడితే మనవాళ్లు చేస్తారు, లేకపోతే మానేస్తారు, అంతే. కాబట్టి ఆటో తొట్టికి మధ్యలో రేకు అడ్డం ఉందా, ఉంటే తుప్పుపట్టి ఊడిపోయిందా, డైపర్లు, ప్యాడ్లు, కాలం తీరిన మందులు, పగిలిన బల్బులు వేయడానికి పక్కన ఇంకో సంచి కట్టారా చూడు. లేకపోతే పెట్టించు. వెల్డింగ్ షాపులో ఒక పూట పని అది, పెద్ద పథకం కోసం ఎదురుచూడొద్దు.

తర్వాత ఆ బండి ఎక్కడ ఖాళీ అవుతుందో అక్కడిదాకా వెళ్లు. ఇది చాలామంది చేయరు. పొడి చెత్త డీఆర్‌సీసీకి (పొడి చెత్తను చేర్చే మున్సిపాలిటీ కేంద్రానికి), తడి చెత్త ఎరువు చేసే కంపోస్ట్ షెడ్డుకు వెళ్తోందని కాగితం మీద ఉంటుంది, కానీ రెండూ డంపింగ్ యార్డులో ఒకే కుప్ప అయితే ఇంట్లో పడ్డ శ్రమంతా వృథా. మన ఇళ్ల చెత్తలో సగానికి పైనే తడిది. అది తగిలిన అట్టపెట్టెను స్క్రాప్ షాపువాడు ముట్టుకోడు, అదే పొడిగా ఉంటే కిలో లెక్కన తూకం వేసి డబ్బులిస్తాడు. అలాగే కవర్ల ముక్కలు, గాజు పెంకులు కలిసిన ఎరువును ఏ రైతూ పొలంలో వేసుకోడు. పాల ప్యాకెట్ సంగతే చూడు, మూల పూర్తిగా కత్తిరించి పారేస్తే ఆ గోరంత ముక్కను ఎవరూ ఏరలేరు, అది కంపోస్ట్‌లోకో కాలువలోకో చేరుతుంది. కొంచెం అతుక్కుని ఉండేలా కోసి, కడిగి ఆరబెట్టి ఇవ్వమని చెప్పు. పొదుపు సంఘం ఆడవాళ్ల మీటింగుల్లో ఇలాంటివి చెప్తే పట్టుకుంటారు, "పర్యావరణాన్ని కాపాడుదాం" అంటే విని ఊరుకుంటారు.

ఇదంతా మన దగ్గర కాదులే అని ఎవరైనా అంటే సూర్యాపేట పేరు చెప్పు. 2003 ప్రాంతంలో ఖాదర్ సాహెబ్ అక్కడ మున్సిపల్ కమిషనర్‌గా ఉన్నప్పుడు వీధి చెత్త కుండీలు తీసేసి, ఇంటింటికీ వెళ్లి చెత్త వేరువేరుగా తీసుకుని, వానపాముల ఎరువు చేసి, పొడి చెత్త అమ్మి చూపించారు. దాన్ని చూడటానికి వేరే ఊళ్లవాళ్లు వచ్చేవారు. చెత్త గురించి 2000 సంవత్సరం నాటి పాత రూల్స్ తీసేసి కేంద్రం కొత్తవి తెచ్చింది 2016లో, అంటే ఆ రూల్స్ కన్నా ఎంతో ముందే మన పక్క ఊళ్లో ఈ పని జరిగింది.

వీధి మూల చెత్త కుప్పల గురించి. కెమెరా పెడదాం, ఫైన్ వేద్దాం అని నీకు సలహాలొస్తాయి. ముందు ఆ వీధిలో బండి టైము ఎంతో కనుక్కో. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఏడింటికి పనికి పోయే ఇళ్ల దగ్గరకు బండి తొమ్మిదింటికి వస్తే వాళ్ల కవరు మూలకే చేరుతుంది, ఇంకెక్కడికి పోతుంది? అలాంటి వీధికి మొదటి ట్రిప్పు వేయించు, లేదా సాయంత్రం ఒక ట్రిప్పు అడుగు. ఆ చోటు శుభ్రం చేయించి ముగ్గేయించడం, పూల కుండీలు పెట్టడం మంచిదే, కానీ టైము మారకుండా ముగ్గు ఒక్కటే వేస్తే వారానికి మళ్లీ కుప్ప లేస్తుంది. ఖాళీ ప్లాట్ల ఓనర్లకు మాత్రం నోటీసు ఇప్పించు, అక్కడ మొహమాటపడకు. చెత్తకు నిప్పు పెట్టడం ఎక్కడ కనబడినా ఆపించు, మన పనివాళ్లు పెట్టినా సరే.

ఫంక్షన్ హాళ్లు, హోటళ్లు, చికెన్ షాపుల దగ్గర గట్టిగా ఉండు. రోజుకు 100 కిలోలు దాటి చెత్త వచ్చే చోట్లను 2016 రూల్సే విడిగా చూడమన్నాయి. ఇళ్ల కోసం తిరిగే ఆటోలో వాళ్ల విస్తళ్లు నింపేస్తే చివరి రెండు వీధులకు బండి చేరదు, ఫిర్యాదు మాత్రం నీకొస్తుంది. వాళ్లలో నీకు ఓటేసినవాళ్లు, ఖర్చు పెట్టినవాళ్లు కూడా ఉంటారు, అయినా సరే చెప్పాల్సిందే.

డబ్బుల విషయంలో ఆంధ్రలో జరిగింది గుర్తుపెట్టుకో. 2021 అక్టోబర్ 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) అనే పథకం మొదలుపెట్టి ఇంటింటికీ మూడు రంగుల డబ్బాలిచ్చారు, నెలనెలా రుసుము అడిగారు, జనం దాన్ని చెత్త పన్ను అన్నారు, 2024లో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. రుసుము అసలు తప్పని నేననను. బండి నాగా లేకుండా రావడం అలవాటయ్యాక అడిగితే ఇచ్చేవాళ్లుంటారు, రాకముందే రసీదు చేతిలో పెడితే ఎవరికైనా కోపమొస్తుంది.

ఇక పనివాళ్లు. నిజానికి ఇదే ముందు రాయాల్సింది. బండి మీద నిలబడి ఒట్టి చేతులతో కవర్లు చింపి ఏరే ఆడమనిషిని చూస్తావు, డైపరో, గాజు ముక్కో, వాడిన సూదో తగిలేది ఆమె చేతికే. అందుకే వాటిని పేపర్లో చుట్టి విడిగా ఇవ్వమని ప్రతి ఇంటికీ చెప్పాలి, నువ్వే స్వయంగా చెప్తే ఇంకా మంచిది. వాళ్లను పేరు పెట్టి పిలువు, వాళ్ల మీద మేస్త్రీగా ఉండే శానిటరీ జవాన్ చెప్పిందే విని ఊరుకోకు. ఔట్‌సోర్సింగ్ వాళ్లకు పీఎఫ్, ఈఎస్ఐ ప్రతి నెలా జమవుతోందా అని చలాన్ కాపీలు అడుగు, కౌన్సిలర్‌గా అడిగే హక్కు నీకుంది. తెల్లవారకముందే సంచులేసుకుని తిరిగే చెత్త ఏరుకునేవాళ్లను కూడా తరిమేయనివ్వకు, ఏ ప్లాస్టిక్ అమ్ముడుపోతుందో వాళ్లకు తెలిసినంత మన ఆఫీసులో ఎవరికీ తెలియదు, గుర్తింపు కార్డులిప్పించి డీఆర్‌సీసీలో పని చూపించు.

గ్లవుజులు, బూట్లు, రెయిన్‌కోట్లు కావాలని ఆఫీసుకు రాసే ఇండెంట్ ఎండాకాలంలోనే పెట్టించు, వానలు మొదలయ్యాక అడిగితే వానలు తగ్గాక వస్తాయి. ఆటోకు రేకు అడ్డం గురించి కమిషనర్‌కు రాసే లెటర్ ముందు నాకు వాట్సాప్‌లో పంపు, చూసి చెప్తాను.

మీ మామయ్య