టెక్ సందేహాలు: అమ్మమ్మ నల్ల మిషనూ, బ్లాంకెట్ స్టిచ్చూ

ప్రతివారం ఫోన్ హ్యాంగవుతోంది, స్టోరేజ్ నిండిపోయింది, ఇవే కదండీ. ఈసారి మెయిల్ తెరిస్తే కుట్టుమిషన్లు వచ్చి పడ్డాయి. అరుగు మీద మా అమ్మ తొక్కుడు మిషన్ చప్పుడు వింటూ పెరిగినోణ్ణి, ఫోన్లు వచ్చేవారం చూసుకుందాం.

నరసాపురం దగ్గర పల్లె నుంచి ఒకావిడ అడిగారు: మా అమ్మమ్మగారి నల్ల మిషన్ ఉంది. మనవరాలికి బొంత కుడుతున్నాను, బాతుబొమ్మలు ప్యాచ్ వేసి చుట్టూ బ్లాంకెట్ స్టిచ్ వెయ్యాలని కోరిక. షాపులో అడిగితే కంప్యూటర్ మిషన్ కొనుక్కోమంటున్నారు. పాతదాని మీద పడదా?

పడుతుందండీ, కాకపోతే దానికి తోడు ఇంకో సామాను కావాలి. నల్ల మిషన్లో సూది పైకీ కిందకీ వెళ్తుందంతే, పక్కకి జరగదు. బ్లాంకెట్ స్టిచ్ అంటే టైలర్లు చేత్తో వేసే కాజా కుట్టుకి దగ్గర చుట్టం, అంచు వెంబడి నాలుగు కుట్లు తిన్నగా పడాలి, ఒకటి పక్కకెళ్ళి ప్యాచ్‌ని పట్టుకుని మళ్ళీ అంచుకి రావాలి. సూది జరగకపోతే బట్టనే జరపాలి కదా, ఆ పని చెయ్యడానికి వెనకటికే జిగ్‌జాగ్ అటాచ్‌మెంట్ అని ఒకటి తయారుచేశారు. బట్టని అదిమిపట్టే ఫుట్ తీసేసి ఆ స్థానంలో బిగిస్తారు, దాని చేతికి చివర ఫోర్కులాంటిది ఉంటుంది, అది సూది బిగించే మర మీద కూర్చుంటుంది, సూది పైకి లేచిన ప్రతిసారీ ఆ చెయ్యి లేచి లోపల చిన్న బిళ్ళని ఒక పన్ను తిప్పుతుంది, బిళ్ళ అంచు ఎత్తుపల్లాల్ని బట్టి బట్ట కుడికీ ఎడమకీ ఊగుతుంది. ఆ బిళ్ళనే క్యామ్ అంటారు. నా దృష్టిలో అది ఇనప పెన్‌డ్రైవ్, బిళ్ళ మారిస్తే డిజైన్ మారుతుంది, వైరస్ కూడా పట్టదు.

పాత సామాన్ల కొట్లోగానీ ఆన్‌లైన్‌లోగానీ కొనేముందు ఒకటి కొలవండి. ఫుట్ దించి, అది బిగించిన మర దగ్గర్నుంచి కింద ప్లేటు దాకా ఎంతుందో చూడండి. ఫుట్ బిగించే కడ్డీనే షాంక్ అంటారు, అర అంగుళం నుంచి ముప్పావు మధ్య ఉంటే లో షాంక్, అంగుళం దాటితే హై షాంక్. ఇది చూసుకోకుండా కొంటే ఆ సామాను అటకెక్కుతుంది. బిళ్ళల్లో బ్లైండ్ హెమ్ (కొన్ని కుట్లు తిన్నగా, ఒకటి పక్కకి వేసేది) అనేది ఉందో లేదో అడగండి, మీకు కావాల్సింది అదే. కుట్టు పొడుగు బాగా తగ్గించి పెట్టుకోండి, లేకపోతే పక్కకెళ్ళే కుట్టు వెడల్పాటి 'వి' ఆకారంలో పడి బ్లాంకెట్ స్టిచ్‌లా కనపడదు, తగ్గించేకొద్దీ ఆ 'వి' మూసుకుని ఒక్క గీతలా వస్తుంది. అడుగున పల్చటి కాగితం పెట్టి కుట్టి తర్వాత చింపెయ్యండి, పాత పేపర్ మాత్రం తెల్లబట్ట కింద వద్దు, సిరా అంటుకుంటుంది. పైదారం టెన్షన్, అంటే బిగువు, కాస్త వదులు చెయ్యండి. బాతు ముక్కు దగ్గర తిరగాలంటే సూది ప్యాచ్ బయట దిగి ఉన్నప్పుడే ఫుట్ ఎత్తి తిప్పాలి, లోపల ఉండగా తిప్పారా, రెండు కుట్ల మధ్య ఖాళీ పడుతుంది. ముందు చిరుగు గుడ్డ మీద చూసుకోండి, పక్క కుట్టు ఏ వైపు పడుతుందో అప్పుడే తెలుస్తుంది.

అంతా చెప్పి ఇంకోమాట, నాలుగు బాతులే అయితే ఆ సామాను వెతికేలోపు చేత్తో అయిపోతుందండీ. లేసు అల్లే ఊళ్ళవాళ్ళు మీరు, మీ క్రోషే లేసుకి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది, మీకు నేను చేతికుట్టు చెప్పడమేంటి.

పాలకొల్లు నుంచి ఒకబ్బాయి: అత్తయ్య అమెరికా నుంచి పాత సింగర్ 401 తెచ్చారు, డిజైన్లు చాలా ఉన్నాయంట. ప్లగ్గు పెట్టాలంటే భయమేస్తోంది, పైగా డిజైన్ మార్చే నాబ్ కదలట్లేదు.

భయపడి మంచిపని చేశావు బాబూ. మోటార్ మీద రేకు ప్లేటు చూడు, 110 వోల్టులని ఉంటే మన 230కి పెట్టిన నిమిషంలో మాడిపోతుంది. 230ని 110కి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకో, ప్లేటు మీద వాట్స్ ఎంతుందో దానికి రెట్టింపుది. కరెంటు హెర్ట్జ్ (మన దగ్గర 50, అమెరికాలో 60) గురించి బెంగక్కర్లేదు, అది బ్రష్‌లుండే మోటార్, 50 అయినా 60 అయినా తిరుగుతుంది.

ఇక నాబ్. 1950ల్లో వచ్చిన ఇలాంటి మిషన్లలో క్యామ్‌లు లోపలే దొంతరగా ఉంటాయి, ఏళ్ళతరబడి నూనె ఎండి బంకయిపోతే అవి కదలవు. బలవంతంగా తిప్పకు, విరుగుతుంది. పైమూత తీసి హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చజెయ్యి, ఇనప భాగాల మీద ఒక్కో చుక్క కిరసనాయిలు వేసి రాత్రంతా వదిలెయ్యి, పొద్దున్న తుడిచి మిషన్ ఆయిల్ వెయ్యి. ప్లాస్టిక్ గేర్ల మీద కిరసనాయిలు పడకూడదు. కదలడం మొదలెట్టాక కూడా సూది బట్టలో లేనప్పుడే నాబ్ తిప్పాలి.

కొబ్బరినూనె మాత్రం పొయ్యకండి, ఇది కోనసీమ వైపు అందరికీ చెప్తున్నా. ఇంటినిండా ఉంది కదా అని మా అమ్మ పోసేది. 24 డిగ్రీల కింద అది గడ్డకడుతుంది కదా, డిసెంబరు పొద్దున్నే సీసాలో పేరుకున్నట్టే మిషన్లోనూ పేరుకుంది, నాన్న చక్రం చేత్తో తిప్పబోతే బెల్టు ఊడొచ్చింది గానీ చక్రం తిరగలేదు. ఆ తర్వాత నెల్రోజులు మిషన్ విప్పి చాప మీదే ఉంది.

ఆ అబ్బాయే ఇంకోటి అడిగాడు, పాతవాటిల్లో అసలైన నిచ్చెన మెట్టులాంటి బ్లాంకెట్ స్టిచ్ ఏదైనా వేస్తుందా అని. పక్కకెళ్ళిన కుట్టు 'వి' లాగా కాకుండా అదే గీత మీద వెనక్కి రావాలంటే బట్ట ఆ క్షణం కదలకూడదు, లేదా వెనక్కి రావాలి, అంటే సూదిని ఊపితే చాలదు, బట్టని జరిపే కింద పళ్ళని కూడా క్యామ్ నడపాలి. స్విట్జర్లాండ్ ఎల్నా సూపర్‌మాటిక్ 1952లోనే డబుల్ క్యామ్‌లతో అది చేసింది. మీ 401లో సూది ఊగడమే ఉంటుంది, కుట్టు పొడుగు తగ్గించుకుని సరిపెట్టుకో.

భీమవరం నుంచి: ఫోన్లో ముగ్గు ఫోటో ఉంది, ఎంబ్రాయిడరీ మిషన్లో పెడితే కుడుతుందా?

ఫోటో పెడితే కుట్టదండీ, ఏ కుట్టు ఎక్కడ పడాలో చెప్పే ఫైల్ కావాలి. పేరు చివర జేపీజీ తీసేసి పీఈఎస్ (ఎంబ్రాయిడరీ ఫైల్ రకం) అని రాస్తే అవ్వదు, చాలామంది ఇదే చేసి నాకు రాస్తున్నారు. కంప్యూటర్లో ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ వేసుకుని, అందులో గీతల్ని కుట్లుగా మార్చే ఇంక్‌స్టిచ్ కలపండి, రెండూ ఫ్రీ. ముగ్గు గీతల్ని మీరే గీసి, మీ మిషన్ బ్రదర్ కంపెనీది అయితే పీఈఎస్, జనోమ్ అయితే జేఈఎఫ్‌లో సేవ్ చేసుకోండి. చుక్కలు మాత్రం తీసేసి గీతలే ఉంచండి, చుక్కచుక్కకీ దారం కత్తిరించుకుంటూ కూర్చోలేరు.