చపాతీ మానేసినా పొట్ట ఉబ్బరం తగ్గడం లేదు, ఎందుకు?

ప్రశ్న: నా వయసు 33. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కొండాపూర్‌లో ఉంటాం. రెండేళ్లు నీరసం, పొట్ట ఉబ్బరం, విరేచనాలతో తిరిగాను. ఐరన్ మాత్రలు ఎన్ని వాడినా హిమోగ్లోబిన్ 9 దాటలేదు. చివరికి రక్తపరీక్ష, ఎండోస్కోపీ, బయాప్సీ చేసి సీలియాక్ జబ్బు అని తేల్చారు. 7 నెలలుగా చపాతీ, పూరీ, బ్రెడ్ ముట్టలేదు. విరేచనాలు తగ్గాయి, ఉబ్బరం మాత్రం అలాగే ఉంది. ఈ జబ్బుకు రక్తంలో చూసే టీటీజీ అనే యాంటీబాడీ 180 నుంచి 74కి దిగి అక్కడే ఆగిపోయింది. పాలు కూడా పడటం లేదు. అన్నం తినే ఇంట్లో ఈ జబ్బేమిటి? 200 రకాల ఆహారాలకు ఇన్‌టాలరెన్స్ ప్యాకేజీ టెస్టు ఉందంటున్నారు, చేయించుకోనా? నెలకోసారి తింటే ఏం కాదులే అంటారు మా అత్తయ్యగారు. మా బాబుకు ఆరేళ్లు. వాడికీ వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ 74 సంగతి చూద్దాం. గోధుమ పూర్తిగా ఆపినా టీటీజీ నార్మల్‌కి రావడానికి చాలామందికి ఏడాది, కొందరికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. కాబట్టి 7 నెలలకు ఇంకా ఎక్కువగా ఉందని కంగారు పడక్కర్లేదు. కానీ అది దిగుతూ ఉండాలి, ఒకచోట ఆగకూడదు. ఆగిందంటే మేం మొదట అనుమానించేది ఒక్కటే: ఎక్కడినుంచో గోధుమ ఇంకా కడుపులోకి వెళ్తోంది. మీరు చపాతీ, పూరీ, బ్రెడ్ మానేశానని రాశారు. గోధుమ మానేశానని రాయలేదు. అన్నం తినే ఇళ్లలో నేను ఎక్కువగా చూసే ఇబ్బంది ఇదే.

అన్నం తినేవాళ్లకు ఎందుకొచ్చిందని అడిగారు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్‌ను చూసి మన రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు మీద దాడి చేస్తుంది. దీనికి కావలసిన జన్యువులు మన దగ్గరా ఉన్నాయి. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో దేశంలో మూడు ప్రాంతాల వాళ్లను పరీక్షిస్తే ఆ జన్యువులు అన్నిచోట్లా సుమారు మూడో వంతు మందిలో కనిపించాయి. జబ్బును సూచించే యాంటీబాడీలు మాత్రం ఉత్తరాదిలో 100 మందిలో 1.23 మంది రక్తంలో ఉంటే, దక్షిణాదిలో 1000 మందిలో ఒకరిలో ఉన్నాయి. గోధుమ ఎంత తింటాం అన్నది ఈ తేడాకు ఒక ముఖ్య కారణం కావచ్చని ఆ పరిశోధకులు భావించారు. ఇప్పుడు హైదరాబాద్‌లో షుగర్ అనో, బరువనో రాత్రిపూట అన్నం బదులు పుల్కాలకు మారిన ఇళ్లు ఎన్నో! జబ్బు ఇక్కడ అరుదన్న నమ్మకం వల్ల డాక్టర్లకూ తొందరగా తట్టదు. మీలాగా ఐరన్ మాత్రలతో ఏళ్లు గడిపేవాళ్లు అందుకే ఉన్నారు.

ఇక వంటింట్లోకి వద్దాం. వారంలో ఎన్నిసార్లు ఉప్మా చేస్తారు? బొంబాయి రవ్వ అంటే గోధుమే. రవ్వ దోశ, రవ్వ ఇడ్లీ, రవ్వ లడ్డూ, కేసరి, సేమ్యా పాయసం అన్నీ ఆ ఖాతాలోకే వస్తాయి. ఇడ్లీ రవ్వ బియ్యంతో చేసేది కాబట్టి ఇబ్బంది లేదు. తర్వాత పోపుల డబ్బా తీసి ఇంగువ డబ్బా వెనక సన్న అక్షరాలు చదవండి. మనం కొనేది అచ్చమైన ఇంగువ కాదు, పిండి, జిగురు కలిపినది. ఆ పిండి చాలా బ్రాండ్లలో గోధుమ లేదా మైదా. రోజూ పప్పులో, చారులో, పులిహోరలో చిటికెడు పడుతుంది. బియ్యప్పిండితో చేసిన ఇంగువ దొరుకుతుంది, అది తెచ్చుకోండి. బాబుకు హార్లిక్స్ లాంటిది కలిపి మిగిలింది మీరు తాగుతుంటే మానేయండి. ఉత్త మాల్ట్ అని రాసి ఉంటే అది సాధారణంగా బార్లీయే.

చపాతీ బదులు జొన్నరొట్టె తింటున్నారా? మంచిదే. జొన్న, సజ్జ, రాగి, కొర్రల్లో గ్లూటెన్ ఉండదు. కానీ ఆ జొన్నలు ఎక్కడ పట్టిస్తున్నారు? గిర్నీలో మీకన్నా ముందు ఎవరో పది కిలోల గోధుమలు పట్టించి ఉంటారు. రాళ్ల మధ్య, గొట్టంలో, కింద కట్టిన గుడ్డలో మిగిలిన గోధుమ పిండి మీ డబ్బాలోకే వస్తుంది. పొద్దున్నే మొదటి గిరాకీ మనదే అయినా నిన్నటి పిండి అందులోనే ఉంటుంది. జొన్నలు ఏరి, కడిగి, ఆరబెట్టి ఇంట్లో మిక్సీలోనో చిన్న మరలోనో పట్టుకోండి. లేదా గ్లూటెన్ ఫ్రీ అని ముద్రించిన ప్యాకెట్ కొనండి. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం అలా రాయాలంటే కిలోలో 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. రొట్టె విరగకుండా గుప్పెడు గోధుమ పిండి కలపడం, అంటుకోకుండా పొడి పిండి చల్లడం చాలామందికి అలవాటు. మీ వంటమనిషిని అడగండి, అడిగితే తప్ప చెప్పరు. జల్లెడ, చపాతీ పీట, కర్ర మీకు విడిగా ఉండాలి. స్టీలు గిన్నెలు మామూలుగా తోమితే చాలు, కొత్తవి కొననక్కర్లేదు. మిల్లెట్ బిస్కెట్ అని పెద్దక్షరాలు చూసి మోసపోకండి. వెనక మొదటి పేరు గోధుమ పిండి అని ఉన్నవి నేను చాలా చూశాను.

బయట తిండి ఇంకో తలనొప్పి. హలీంలో మాంసంతో పాటు గోధుమ ముఖ్య సరుకు, రంజాన్ నెలంతా చేయి అటు పోకూడదు. ఉస్మానియా బిస్కెట్, సమోసా, నాన్, డబుల్ కా మీఠా, మైసూర్ బోండా సరేసరి. ఫ్రైడ్ రైస్ అన్నమే కదా అనుకుంటారు, అందులో పోసే సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది. మిరపకాయ బజ్జీ శనగపిండిదే అయినా, అదే నూనెలో సమోసాలు వేగి ఉంటే వద్దు. బిర్యానీ తినొచ్చా అని నా దగ్గరికి వచ్చే ప్రతివారూ అడుగుతారు. తినొచ్చు, కాకపోతే దమ్ కోసం మూతచుట్టూ పెట్టేది గోధుమ పిండి ముద్ద. హండీ తెరిచేటప్పుడు ఎండిన ముక్కలు అంచున అన్నంలో రాలుతాయి. ఇంట్లో చేసుకుంటే ఫాయిల్‌తో మూయండి.

ప్రసాదాల దగ్గర మొహమాటం వస్తుంది. సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమ రవ్వతో చేస్తారు. మీ ఇంట్లో వ్రతమైతే బియ్యపు రవ్వతో చేయించండి. వేరేవాళ్ల ఇంట్లో అయితే కళ్లకద్దుకుని మీవారి చేతిలో పెట్టేయండి. పండగలకు భక్ష్యాలు, కజ్జికాయలు పోతాయి గానీ సకినాలు, అరిసెలు, సర్వపిండి, గారెలు మీవే. ఇంగువ, పిండి, నూనె చూసుకుంటే చాలు.

అత్తయ్యగారి మాటకు వస్తాను. ఆవిడ ప్రేమతోనే అంటున్నారు, అందుకని ఈ పేరా ఆవిడకే చదివి వినిపించండి. అమ్మా, చిన్నపేగు లోపల టర్కీ టవల్ మీద పోగుల్లాగా సన్నని మొనలు ఉంటాయి, తిన్నది ఒంటికి పట్టేది వాటి ద్వారానే. ఈ జబ్బులో అవి అరిగిపోయి పేగు నున్నగా అవుతుంది. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు ఇచ్చి చూసిన అధ్యయనంలో పేగు దెబ్బతిన్నది. ఒక్క బ్రెడ్ ముక్కలో అంతకు కొన్ని పదుల రెట్లు ఉంటుంది. తిన్నరోజు ఏమీ అనిపించకపోవచ్చు, లోపల దెబ్బ మాత్రం తగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో బ్రెడ్ దొరక్క జనం అల్లాడారు. ఈ జబ్బున్న పిల్లలు మాత్రం కోలుకున్నారు, బ్రెడ్ మళ్లీ రాగానే మళ్లీ పడ్డారు. గోధుమ మీద అంతకుముందే అనుమానం ఉన్న విల్లెమ్ డికె అనే పిల్లల డాక్టర్‌కు అది బలమైన ఆధారమైంది. నెలకోసారి అన్న సడలింపు ఈ జబ్బులో లేదు. ఎముకలు గుల్లబారడం, గర్భం నిలవకపోవడం, చాలా అరుదుగా పేగులో క్యాన్సర్ దాకా వెళ్లిన సందర్భాలున్నాయి.

పాలు పడకపోవడానికి కారణం కూడా ఆ మొనలే. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమ్ వాటి చివర్లోనే తయారవుతుంది. పేగు మానేకొద్దీ అది తిరిగి వస్తుంది. అందాకా పెరుగు, మజ్జిగ వాడండి, చాలామందికి పడతాయి. కొన్ని నెలల తర్వాత అరగ్లాసు పాలతో మళ్లీ చూడండి. పెద్దయ్యాక పాలు సరిగా అరగకపోవడం మన దక్షిణాదిలో మామూలే కాబట్టి, అప్పటికీ పడకపోతే భయపడకండి. కాల్షియం కోసం రాగి, నువ్వులు, మునగాకు ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి వల్ల కూడా కొందరికి ఉబ్బరం వస్తుంది. కానీ టీటీజీ నార్మల్ అయ్యాక కూడా ఉబ్బరం ఉంటేనే వాటి జోలికి వెళ్దాం. అన్నీ ఒకేసారి మానేస్తే ఏది పడలేదో తెలియదు, తినడానికీ ఏమీ మిగలదు.

ఆ 200 ఆహారాల ప్యాకేజీ వద్దు. అలాంటి వాటిలో ఎక్కువగా కొలిచేది ఐజీజీ అనే యాంటీబాడీ. మీరు ఏం తింటున్నారో అది చెబుతుంది, ఏది పడదో చెప్పదు. రిపోర్టులో పెరుగు, వంకాయ, కోడిగుడ్డు ఎర్ర రంగులో వస్తే అవీ మానేస్తారు. ఆ డబ్బుతో ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, ఫోలేట్, విటమిన్ డీ, థైరాయిడ్, ఎముకల సాంద్రతకు డెక్సా స్కాన్ చేయించండి. థైరాయిడ్ జబ్బు సీలియాక్‌తో జతగా రావడం మామూలు. ఫెరిటిన్ ఇంకా తక్కువగా ఉండి మాత్రలు పట్టకపోతే, ఐరన్ సెలైన్ ద్వారా ఎక్కించడం గురించి మీ డాక్టర్‌తో మాట్లాడండి. పైన చెప్పినవన్నీ సరిచేసుకుని మూడు నెలలకు టీటీజీ మళ్లీ చూపించండి. అప్పటికీ దిగకపోతే గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ దగ్గరికి పాత బయాప్సీ రిపోర్టుతో సహా వెళ్లండి. ఉబ్బరానికి వేరే కారణాలు ఉన్నాయేమో ఆయన చూస్తారు.

బాబు సంగతి. తల్లికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సుమారు పదిలో ఒకటి, అంటే రాకపోవడానికే ఎక్కువ అవకాశం. వాడికి, మీ తోబుట్టువులకు, తల్లిదండ్రులకు టీటీజీ ఐజీఏ (మీకు చేసే టీటీజీ పరీక్షే)తో పాటు రక్తంలో మొత్తం ఐజీఏ యాంటీబాడీ ఎంతుందో చెప్పే పరీక్ష ఒకసారి చేయించండి. నార్మల్ వస్తే పిల్లాడికి కొన్నేళ్లకోసారి, లేదా ఎదుగుదల మందగించినా, రక్తం తగ్గినా మళ్లీ చూడాలి. హెచ్‌ఎల్‌ఏ అనే జన్యు పరీక్షలో ఈ జబ్బుకు కావలసిన జన్యువులు లేవని తేలితే ఇక చూడనక్కర్లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి: గోధుమ ఆపి పరీక్ష చేస్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు. ఇంట్లో గోధుమ తీసేస్తున్నారు కదా అని వాడికీ ఇప్పుడే ఆపొద్దు. రక్తం ఇచ్చి రిపోర్టు వచ్చేదాకా వాడి స్కూలు బాక్సులో చపాతీ అలాగే పెట్టండి.

– గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్, హైదరాబాద్