పాటల పెట్టె: వెనక వైపు గొంతు ఊగుతోంది

ప్రశ్న: మా ఇంట్లో ఏడంగుళాల రికార్డు ఒకటి ఉంది. ముందు వైపు అమెరికన్ గాయని ఎట్టా జేమ్స్ పాడిన 'టెల్ మామా', వెనక 'ఐడ్ రాథర్ గో బ్లైండ్'. కన్నం పెద్దదని అట్టముక్క అమర్చాం. వెనక వైపు వేస్తే గొంతు ఊగుతోంది. రికార్డు పాడైందా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ముందు ఆ అట్టముక్క తీసేయండి. కన్నం సుమారు 38 మిల్లీమీటర్లు, ప్లేయర్ మధ్య పుల్ల 7. అట్ట కాస్త పక్కకి జరిగినా చాలు, రికార్డు తిరిగే ఒక్కో చుట్టుకీ, అంటే 1.33 సెకన్లకోసారి, శ్రుతి పైకీ కిందకీ జారుతుంది. ముందు వైపుది హుషారు పాట కాబట్టి అంతగా తెలీదు. వెనక పాటలో ఎట్టా జేమ్స్ ఒక్కో మాటనీ సాగదీసి నిలబెడుతుంది, దొరికిపోతుంది.

కన్నంలో అమర్చే గట్టి ప్లాస్టిక్ అడాప్టర్ కొని, వేగం 45లో (నిమిషానికి 45 చుట్లు) పెట్టి, ముల్లున్న చెయ్యిని పక్కనుంచి చూడండి. అడ్డంగా ఊగితే రికార్డు ఇంకా మధ్యలో లేనట్టే. పైకీ కిందకీ ఎగిరితే రికార్డు వంగింది. ఎండలో పెట్టి సరిచేద్దామనుకోకండి, ఇంకా వంకరపోతుంది.

1967లో అలబామాలోని ఫేమ్ స్టూడియోలో రికార్డు చేసిన పాట ఇది. రికార్డు వేసిన క్యాడెట్ కంపెనీ దీన్ని వెనక వైపుకి నెట్టింది గానీ, మా ఓటు దీనికే!