నాన్నగారు ఆర్మీ ఇంటెలిజెన్స్‌లో రిటైర్ అవుతున్నారు, రెజ్యూమెలో ఏం రాయాలి?

ప్రశ్న: మేం బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాం. నేను బీకాం ఫైనలియర్. మా నాన్నగారు ఆర్మీ ఇంటెలిజెన్స్ కోర్‌లో సుబేదార్, ఎక్కువ కాలం కౌంటర్ ఇంటెలిజెన్స్ పనే చేశారు. ఇంకో పది నెలల్లో రిటైర్‌మెంట్. రెజ్యూమె రాద్దామని కూర్చుంటే "నేను చేసిందేదీ బయట చెప్పకూడదమ్మా" అంటారు, పేరూ ర్యాంకూ తప్ప పేజీ అంతా ఖాళీ. మా మామయ్య వైట్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఉద్యోగం చూశారు. నాన్నకి మనసు లేదు, కానీ "ఇంటర్ చదివినోడికి ఇంకేం ఇస్తారులే" అంటున్నారు. సైబర్ సెక్యూరిటీ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: అమ్మా, ముందు నాన్నగారిని ఆ ఖాళీ పేజీ గురించి విసిగించకు. ఆయన చెప్పేది చట్టం చెప్పేదే. 1923 నాటి అధికార రహస్యాల చట్టంలో 5వ సెక్షన్ ఇప్పుడు పదవిలో ఉన్నవాళ్లకే కాదు, ఒకప్పుడు ఉన్నవాళ్లకి కూడా వర్తిస్తుంది, రిటైర్ అయ్యాక కూడా ఆ బాధ్యత పోదు. అందుకే ఏ కేసు చూశారు, ఎక్కడ, ఎవరి మీద, ఎవరి ద్వారా తెలిసింది, ఏ యూనిట్ ఏ ఫార్మేషన్ కింద పనిచేసింది, ఇవేవీ కాగితం మీదకి రాకూడదు, నీకు కూడా చెప్పక్కర్లేదు. కానీ ఒకడు అబద్ధం చెబుతున్నాడని అనుమానం వచ్చినప్పుడు తొందరపడకుండా కూర్చోబెట్టి మాట్లాడించడం, వాడు చెప్పిన తేదీలని రిజిస్టర్‌తో సరిచూడటం, చూసిందీ విన్నదీ ఊహించిందీ విడివిడిగా పెట్టి రిపోర్ట్ రాయడం, ఈ పనితనం మాత్రం ఆయన సొంతం. కంపెనీలు జీతం ఇచ్చేది దీనికే. రెజ్యూమె మొత్తం దీని మీదే కట్టాలి.

కౌంటర్ ఇంటెలిజెన్స్ అనగానే బయటివాళ్లకి గూఢచారి సినిమా గుర్తొస్తుంది. అసలు పనిలో ఎక్కువ భాగం అలా ఉండదు. మన సమాచారం ఎవరికి కావాలి, దాని కోసం మనవాళ్లలో ఎవరి దగ్గరికి వస్తారు, అప్పుల్లో ఉన్నవాడి దగ్గరికా, ఫేస్‌బుక్‌లో కొత్తగా స్నేహం కుదిరినవాడి దగ్గరికా, గేటు లోపలికి వచ్చే కాంట్రాక్టు మనుషుల్ని ఎవరు చూసుకుంటున్నారు, కాగితాలు ఎక్కడ తాళం లేకుండా ఉంటున్నాయి అని చూడటం, జవాన్లకి ఫోన్ జాగ్రత్తల మీద క్లాసులు చెప్పడం. ఇప్పుడు మీ ఇంటి నుంచి అవుటర్ రింగ్ రోడ్డు మీద ఉన్న టెక్ పార్కుల వైపు చూడు. రాజీనామా చేసే ముందు వారంలో సోర్స్ కోడ్ కాపీ చేసుకుని పోయే ఉద్యోగి, దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌తో చేరిన కుర్రాడు, వెండర్ మనిషి బ్యాడ్జి వేసుకుని లోపలికొచ్చిన ఇంకొకడు, రీఫండ్‌ల పేరుతో డబ్బు లాగుతున్న కస్టమర్ సపోర్ట్ టీం. సమస్యలు అవే, పేర్లు వేరు. జాబ్ పోస్టింగుల్లో వీటిని ఇన్‌సైడర్ రిస్క్, కార్పొరేట్ ఇన్వెస్టిగేషన్స్, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, వెండర్ డ్యూ డిలిజెన్స్ (వెండర్ల పూర్వాపరాలు చూడటం), ట్రస్ట్ అండ్ సేఫ్టీ (మోసాలు, దుర్వినియోగం అడ్డుకోవడం) అని రాస్తారు. నువ్వు వెతకాల్సింది ఈ మాటలతో. "ఎక్స్ ఆర్మీ జాబ్స్" అని కొడితే గార్డు ఉద్యోగాలే వరసగా వస్తాయి.

రెజ్యూమె లైన్లు ఎలా ఉండాలో చెబుతాను. "ఫలానా సెక్టార్‌లో శత్రు నెట్‌వర్క్‌ని ఛేదించారు" అనేది ఎప్పటికీ వద్దు. "సున్నితమైన సంస్థలో లోపలి నుంచి సమాచారం బయటికి పోయే ప్రమాదాలపై విచారణలు చేశారు, ఇంటర్వ్యూలు తీసుకున్నారు, పై అధికారులు నిర్ణయం తీసుకోవడానికి పనికొచ్చే లిఖిత నివేదికలు ఇచ్చారు" అని రాయొచ్చు. "భద్రతా ఆడిట్లు చేసి లోపాలు గుర్తించి, సరిచేయించి, మళ్లీ తనిఖీ చేశారు" అని రాయొచ్చు. శిక్షణ ఇవ్వడం, చిన్న బృందాన్ని నడపడం, హిందీ, తెలుగు, ఇంకా ఏ భాషలు వస్తే అవి. సుబేదార్ అనే ర్యాంకు హెచ్ఆర్ అమ్మాయికి అర్థం కాదు కాబట్టి పక్కనే "జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్, బృంద పర్యవేక్షణ బాధ్యత" అని పెట్టు. మనుషుల సంఖ్య, బడ్జెట్ లాంటి అంకెలు వేయొచ్చా అనేది మాత్రం ఆయన్నే తేల్చుకోనివ్వు, ఆయనకి అనుమానం ఉంటే తీసేయి. పూర్తయిన రెజ్యూమెని సర్వీసులో ఉండగానే తన పై అధికారికి ఒకసారి చూపించమను. అక్కడ సరే అన్నాక ఆయన టెన్షన్ సగం పోతుంది.

అసలు ఇబ్బంది ఇంటర్వ్యూలో వస్తుంది. "మీరు హ్యాండిల్ చేసిన ఒక కష్టమైన కేసు చెప్పండి" అని తప్పకుండా అడుగుతారు, ఈయన "అది చెప్పకూడదు సార్" అని ఆగిపోతారు, అవతలివాళ్లు ఈ మనిషికి ఏమీ రాదనుకుంటారు. కాబట్టి ఇంట్లో నువ్వే ప్రాక్టీస్ చేయించు. "పాత కేసుల వివరాలు నేను చెప్పలేను, మీ ఆఫీసులో రావడానికి వీలున్న ఒక సమస్య ఇవ్వండి, నేను ఎలా వెళ్తానో చెబుతాను" అని ఆయన అనాలి. నువ్వు సమస్య ఇవ్వు: నాలుగో అంతస్తులో మూడు ల్యాప్‌టాప్‌లు పోయాయి, సీసీ కెమెరాలో ఏమీ లేదు, హౌస్‌కీపింగ్ అబ్బాయి మీద అందరికీ అనుమానం. ఇప్పుడాయన ఏం చేస్తారో విను. ముందు ఏం పోయిందో ఖాయం చేసుకుంటారు, ల్యాప్‌టాప్‌లో ఏం డేటా ఉందో అడుగుతారు, యాక్సెస్ కార్డు లాగ్ తెప్పిస్తారు, కెమెరా ఆ టైంలోనే ఎందుకు పనిచేయలేదో చూస్తారు, హౌస్‌కీపింగ్ అబ్బాయిని ఆఖర్న పిలుస్తారు. ఇది ఐదారు నిమిషాల్లో నెమ్మదిగా చెప్పగలిగితే చాలు. రహస్యం కాపాడుతూనే సమాధానం ఇచ్చిన మనిషి మీద ఇన్వెస్టిగేషన్స్ మేనేజర్‌కి గౌరవం పెరుగుతుంది, ఎందుకంటే రేపు ఆ కంపెనీ విషయాలు కూడా ఈయన దగ్గర భద్రంగానే ఉంటాయి.

ఒక్క విషయంలో మాత్రం ఆయన కొత్తగా నేర్చుకోవాలి, ఇది నేను గట్టిగా చెబుతాను. యూనిట్‌లో ఆయన పిలిస్తే మనిషి వచ్చి నిలబడతాడు. కంపెనీలో అలా ఉండదు. ఉద్యోగి సొంత ఫోన్ తీసుకోలేరు, గదిలో కూర్చోబెట్టి బయటికి వెళ్లనివ్వకుండా చేస్తే అది అక్రమ నిర్బంధం అవుతుంది, ప్రతి అడుగూ హెచ్ఆర్‌తో, లీగల్‌తో కలిసి వేయాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి ప్రాథమికంగానైనా చదవాలి. ఎవరైనా డిటెక్టివ్ ఏజెన్సీ వాళ్లు "సార్, మీలాంటివాళ్లే కావాలి" అని పిలిస్తే జాగ్రత్త. ప్రైవేట్ డిటెక్టివ్‌ల కోసం 2007లో పార్లమెంటులో బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు, వాళ్లకి మామూలు పౌరుడికి లేని అధికారం ఏదీ లేదు. ఎవరి కాల్ రికార్డులైనా దొడ్డిదారిన తెప్పించడం నేరం. 2018లో థానే పోలీసులు ఇదే విషయంలో డిటెక్టివ్‌లని అరెస్టు చేశారు. ఇన్నేళ్ల మచ్చలేని సర్వీసుని అలాంటి పనికి తాకట్టు పెట్టకూడదు.

సైబర్ సెక్యూరిటీ కోర్సు అడిగావు. ఇప్పుడే వద్దు. ఆరు నెలల్లో ఎథికల్ హ్యాకర్ అంటూ బోర్డులు పెట్టే సెంటర్లకి లక్షలు కట్టకండి, ఇరవై రెండేళ్ల ఇంజనీర్లతో వాళ్ల ఆటలో పోటీ పడటం నాన్నగారికి లాభం కాదు. ఆయనకి కావాల్సింది ఆ భాష అర్థమవడం: లాగ్ అంటే ఏమిటి, ఫిషింగ్ ఎలా జరుగుతుంది, సైబర్ ఘటన జరిగితే తెలిసిన ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కి, అంటే సైబర్ ఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థకి, చెప్పాలని 2022 ఏప్రిల్‌లో ఎందుకు ఆదేశం వచ్చింది. దాంతోపాటు ఎక్సెల్ బాగా రావాలి, అది నువ్వే నేర్పగలవు. డబ్బు పెట్టేదైతే సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్ అనే మోసాల విచారణ సర్టిఫికెట్ వైపు చూడండి, డిగ్రీ లేని చోట సంబంధిత అనుభవాన్ని కొంతవరకు లెక్కలోకి తీసుకుంటారు. మోసాల విచారణలో అకౌంట్లు చదవడం తప్పదు, అక్కడ నీ బీకాం ఆయనకి పనికొస్తుంది.

కానీ సొంత డబ్బు పెట్టకముందే డీజీఆర్, అంటే రక్షణ శాఖ పునరావాస డైరెక్టరేట్, ఇచ్చే కోర్సుల జాబితా చూడమను. జేసీఓలకి, అంటే నాన్నగారిలాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకి, జవాన్లకి ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది. దానికి యూనిట్ ద్వారా సర్వీసులో ఉండగానే దరఖాస్తు చేయాలి, పది నెలలంటే ఇప్పుడే కదలాలి. మాజీ సైనికులకి ఉద్యోగాలు చూపించే ఆర్మీ వెల్ఫేర్ ప్లేస్‌మెంట్ ఆర్గనైజేషన్‌లో పేరు కూడా నమోదు చేయించమను. డిగ్రీ లేదన్న దిగులుకి ఓపెన్ యూనివర్సిటీ ఉంది, ఈలోపు అప్లై చేసే చోట "చదువుతున్నారు" అని రాసుకోవచ్చు.

ప్రభుత్వ ఉద్యోగం దారి కూడా తెలిసి ఉండాలి. కేంద్ర గ్రూప్ సి పోస్టుల్లో మాజీ సైనికులకి 10 శాతం, ప్రభుత్వ బ్యాంకుల క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం రిజర్వేషన్ ఉంది. వయసులోంచి సర్వీసు కాలం తీసేసి, ఇంకో మూడేళ్లు సడలింపు ఇస్తారు. పదో తరగతి పాసై 15 ఏళ్ల సర్వీసు ఉంటే డిగ్రీ అడిగే, సాంకేతిక అనుభవం అక్కర్లేని గ్రూప్ సి పోస్టులకి కూడా అర్హులుగా పరిగణించే వీలుంది. రిటైర్‌మెంట్‌కి ఏడాది లోపు ఉన్నవాళ్లు ముందే అప్లై చేయొచ్చు, అంటే నాన్నగారు ఈరోజే చేయొచ్చు. బ్యాంకు క్లర్కుకి అప్లై చేసే రాష్ట్రం భాష రావాలి, కర్ణాటకకి కన్నడం చదవడం రాయడం కావాలి, లేకపోతే ఆంధ్రా తెలంగాణాలకి పెట్టి ఇల్లు మారాలి. ఒకసారి ఈ కోటాలో చేరితే రెండోసారి అదే కోటా వాడుకోవడం కష్టం, కాబట్టి ఏదో ఒకటని ముందు దొరికినదాంట్లో చేరకండి. చేరే ముందు అప్లై చేసినవన్నీ ఆ ఆఫీసులో రాసి ఇస్తే వాటికి మాత్రం హక్కు నిలుస్తుంది.

ఇక మామయ్య చూసిన ఉద్యోగం. సూపర్‌వైజర్ పని చిన్నదని నేను అనను, మంచి సూపర్‌వైజర్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్లూ పిల్లలూ ధైర్యంగా తిరుగుతారు. కానీ పన్నెండు గంటల షిఫ్టులో ఇరుక్కుంటే చదవడానికి, ఇంటర్వ్యూలకి వెళ్లడానికి టైం ఉండదు, రెండేళ్ల తర్వాత రెజ్యూమెలో పైన అదే కనిపిస్తుంది. పెన్షన్ వస్తుంది కాబట్టి మీ ఇల్లు మొదటి నెలే ఆగిపోదు. ఒక ఆరు నెలలు ఆయనకి టైం ఇవ్వండి. బెంగళూరులో బహుళజాతి కంపెనీల సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్లు రాత్రీ పగలూ నడుస్తాయి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ కంపెనీలు ఉన్నాయి, ఈ-కామర్స్ గోడౌన్లలో సరుకు దొంగతనాలు, నష్టాలు ఆపే లాస్ ప్రివెన్షన్ టీంలు ఉన్నాయి. మొదటి అడుగు ఇక్కడ పడితే బాగుంటుంది. జీతం మాట్లాడేటప్పుడు "మీకు పెన్షన్ ఉందిగా" అని తగ్గించబోతారు. పెన్షన్ చేసిన సర్వీసుకి, జీతం చేయబోయే పనికి, అదే మాట మర్యాదగా చెప్పి ఊరుకోమను.

లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ పెట్టేటప్పుడు యూనిట్ పేరు, పోస్టింగ్ ఊళ్లు, యూనిఫాం ఫోటోలు వద్దు. రిటైర్ అయిన ఇంటెలిజెన్స్ మనిషి కనిపిస్తే కన్సల్టెన్సీ అనో, వ్యాసానికి డబ్బిస్తామనో పరిచయం పెంచుకునేవాళ్లు వస్తారు. ఇది ఆయనకి నేను చెప్పక్కర్లేదు, కానీ ఆ ప్రొఫైల్ నడిపేది నువ్వయితే మెసేజ్‌లకి జవాబిచ్చేదీ నువ్వే, అందుకని నీకు చెబుతున్నాను. తెలియని విదేశీ రిక్రూటర్ ఎవరు రాసినా ముందు ఆయనకి చూపించు.

ఈసారి లీవుకి వచ్చినప్పుడు ఆయన సర్టిఫికెట్లన్నీ బయటికి తీసి, ఆర్మీలో చేసిన కోర్సుల్లో వేటి పేర్లు బయట రాయొచ్చో ఆయన్నే టిక్ పెట్టమను. ఇంగ్లిష్‌లో ఒక పేజీ రిపోర్ట్ రాయించు, ఆ ల్యాప్‌టాప్‌ల సమస్య మీదే. రెజ్యూమె డ్రాఫ్ట్‌తో పాటు అది కూడా పంపితే ఇన్వెస్టిగేషన్స్ వైపు వెళ్లాలా, ఆడిట్ వైపు వెళ్లాలా అన్నది చూసి చెబుతాను.