వానల్లో సైకిల్ యాత్ర: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: జులై నెలాఖరులో ముగ్గురం సైకిళ్ల మీద శ్రీశైలం వెళ్లాలనుకుంటున్నాం. రెండింటికి రిమ్ బ్రేకులు (చక్రం అంచును రబ్బరుతో పట్టేవి), ఒకదానికి డిస్క్ (చక్రం మధ్యలోని రేకును పట్టేది). ముసురు పట్టినా ఒక్కరోజులో చేరుకోగలమా? ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, ఎల్బీనగర్

జవాబు: తప్పకుండా వెళ్లండి, కానీ ఒక్కరోజులో వద్దు. హైదరాబాద్ నుంచి దారి 200 కిలోమీటర్లు దాటుతుంది. మన్ననూరు చెక్‌పోస్టు తర్వాత అంతా అమ్రాబాద్ పులుల అభయారణ్యం, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. వానలో రెండు పంక్చర్లు పడ్డాయంటే అడవి మధ్యలోనే చీకటి పడుతుంది. మొదటి రాత్రి మన్ననూరులోనే ఆగండి.

అక్కడిదాకా కడ్తాల్, కల్వకుర్తి మీదుగా రోడ్డు పెద్దగా ఇబ్బంది పెట్టదు. అసలు పరీక్ష ఈగలపెంట దాటాక, కృష్ణ దాకా మలుపులతో సాగే దిగుడు. తడిసిన రిమ్ మీద బ్రేక్ రబ్బరు ముందు నీటిని తుడవాలి, ఆ తర్వాతే పట్టుకుంటుంది. ఈలోపు చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగిపోతుంది. అందుకే మలుపు కనిపించకముందే రెండు బ్రేకులూ లైట్‌గా తాకించి రిమ్ ఆరనివ్వండి, ఆ తర్వాత గట్టిగా నొక్కండి. మలుపులోకి వచ్చాక నొక్కితే చక్రం జారుతుంది.

నీళ్లకన్నా ఇసుకతోనే ఎక్కువ నష్టం. తడి రోడ్డు ఇసుక రబ్బరుకీ రిమ్ముకీ మధ్య చేరి రెండింటినీ అరగదీస్తుంది. మన్ననూరులో రాత్రి చక్రం ఊడదీసి బ్రేక్ రబ్బరును టార్చి వెలుగులో చూడండి. నల్లటి రబ్బరులో సన్నగా మెరిసే చుక్కలు కనిపిస్తే అవి రిమ్ నుంచి ఊడొచ్చిన అల్యూమినియం ముక్కలు. పిన్నీసుతో ఒక్కొక్కటీ పెకిలించి, గరుకు కాగితంతో రుద్దండి. రబ్బరు మీది గాడులు అరిగిపోయి ఉంటే మార్చేయాల్సిందే. రిమ్ బ్రేకున్న ఒక్కో సైకిల్‌కి రెండు జతలు వెంట ఉంచుకోండి. డిస్క్ సైకిల్‌కి మెటల్ ప్యాడ్లు వేయించండి, బురదలో రెసిన్ (జిగురు పదార్థంతో చేసిన) ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. చైన్ ఆయిల్ డిస్క్‌కి అంటకుండా జాగ్రత్త, ఒక్క చుక్క పడినా బ్రేకు పట్టు పోతుంది.

టైర్లు 32 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా వెడల్పు మేలు. గాలి మామూలుగా కొట్టేదానికన్నా కాస్త తగ్గించండి. బట్టలకు పాలిథిన్ సంచులు రెండు పొరలు, మడ్‌గార్డులు, వెనక ఎర్ర లైటు ఉండాలి. తడి నిక్కరుతో గంటలు తొక్కితే తొడలు ఒరుసుకుపోతాయి, బయల్దేరేముందే వ్యాసెలిన్ రాసుకోండి. వాగు రోడ్డెక్కి పారుతుంటే, మోకాలి లోతైనా లేదు కదా అని దిగొద్దు. పిడుగులు పడుతుంటే చెట్టు కింద నిలబడొద్దు, పక్కా కట్టడంలోకి వెళ్లండి.

ప్రశ్న: వానలో ప్యాచ్ వేస్తే పది కిలోమీటర్లకే ఊడిపోతోంది. వానల్లోనే పంక్చర్లు కూడా ఎక్కువ. ఎందుకు?
– ఒక పాఠకురాలు, బోడుప్పల్

జవాబు: తడి ఉంటే సొల్యూషన్ అంటదు. రోడ్డు మీద ప్యాచ్ వేయొద్దు, ట్యూబే మార్చండి. మనిషికి రెండు ట్యూబులు ఉండాలి. పాతదానికి రాత్రి గదిలో ప్యాచ్ వేసుకోండి: తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా పూసి, చేతికి అంటుకోనంత ఆరాక నొక్కాలి. తొందరపడితే మళ్లీ ఊడుతుంది.

వానలో పంక్చర్లు పెరగడానికి కారణం కూడా నీరే. తడిసిన రబ్బరును గాజుపెంకు సులువుగా కోస్తుంది. దానికితోడు వాన చెత్తను రోడ్డంచుకు తోస్తుంది, మనం తొక్కేది ఆ అంచునే. కొత్త ట్యూబు ఎక్కించేముందు టైరు లోపలంతా ఒక గుడ్డ తిప్పి చూడండి. పేలిన లారీ టైర్ల నుంచి ఊడిన వెంట్రుకంత సన్నటి ఇనుప తీగ ఎక్కడో ఒకచోట గుడ్డకు తగులుకుంటుంది. దాన్ని తీయకపోతే రెండో ట్యూబూ పోతుంది. టైరు మీది పేరు వాల్వ్ దగ్గరకే వచ్చేలా ఎక్కించుకుంటే, ట్యూబులో చిల్లి ఎక్కడుందో చూసి టైరులో వెతకాల్సిన చోటు చెప్పేయొచ్చు.

మీది ప్రెస్టా వాల్వ్ (గాలి కొట్టే సన్నటి, పొడవాటి మూతి) అయితే ఇత్తడి అడాప్టర్ కొనుక్కోండి. దారిలోని షాపుల పంపులు ఆ వాల్వ్‌కి నేరుగా పట్టవు.

ప్రశ్న: యాత్ర నుంచి వచ్చిన మర్నాడే చైన్ తుప్పు పట్టింది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఇంటికి చేరిన రాత్రే పొడిగుడ్డతో తుడిచి, చైన్‌లోని ఒక్కో రోలర్ (లింకుల మధ్య తిరిగే చిన్న గొట్టం) మీద ఒక్కో చుక్క ఆయిల్ వేసి, పెడల్ తిప్పి, పైన మిగిలింది తుడిచేయండి. సీటు రాడ్ బయటికి లాగి సైకిల్‌ని తలకిందులు చేస్తే ఫ్రేమ్‌లో చేరిన నీళ్లు కారిపోతాయి. ఆ నీళ్లు అలాగే ఉండిపోతే పెడల్ బేరింగులు పాడవుతాయి.