క్యాప్ పగిలింది.. తప్పు సిమెంటుదా?

ప్రశ్న: నా వయసు 41. కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించుకుని, పైన తెల్లటి సిరామిక్ క్యాప్ పెట్టించుకున్నాను. ఏడాదిన్నరకే అది నిలువునా పగిలింది. క్యాప్ మంచిదేనట, అతికించిన సిమెంటే దానికి తగింది కాదని ఇప్పుడు చూసిన డెంటిస్ట్ అంటున్నారు. క్యాప్ ఊడితే సిమెంటును అనొచ్చు, పగిలినా దాన్నే అంటారా? కొత్తది వేయించుకునేటప్పుడు ఏం అడగాలి?

జవాబు: అనొచ్చండీ. అన్నిసార్లూ కాదు గానీ, కొన్ని రకాల క్యాపుల విషయంలో మాత్రం కచ్చితంగా అనొచ్చు.

సిరామిక్‌కు ఒక గుణం ఉంది, నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, వంచితే మాత్రం పగులుతుంది. మీరు నమిలినప్పుడు క్యాప్ పైభాగం నొక్కుకుంటుంది, లోపలి వైపు, అంటే పన్నుకు ఆనుకునే వైపు సాగదీతకు గురవుతుంది, అక్కడ తయారీలో పడిన కంటికి కనపడని గీతలూ గుంటలూ ఎలాగూ ఉంటాయి కాబట్టి పగులు చాలాసార్లు ఆ గీతల్లోంచే మొదలై పైకి పాకుతుంది. ఇంట్లో నేల మీద టైల్ చూడండి, కింద సిమెంటు సరిగ్గా పడక డొల్లగా ఉన్నచోటే కదా బరువు పడగానే పగిలేది! నోట్లోనూ అంతే.

రెజిన్ సిమెంట్ (ప్లాస్టిక్ జాతి పదార్థంతో చేసిన అతికించే సిమెంటు) చేసే మేలు ఇక్కడే. ముందు క్యాప్ లోపలి వైపు హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పూస్తారు, అది సిరామిక్‌లోని గాజు భాగాన్ని కొంచెం కరిగించి సన్నని రంధ్రాలు చేస్తుంది. తర్వాత సిరామిక్‌నూ రెజిన్‌నూ కలిపి పట్టే సిలేన్ అనే ద్రవం రాస్తారు. ఆ పైన పెట్టిన రెజిన్ ఆ రంధ్రాల్లోకీ పాత గీతల్లోకీ దిగి గట్టిపడి, పన్నూ క్యాపూ ఒకే ముక్కలా బరువు మోసేట్టు చేస్తుంది. మామూలు జింక్ ఫాస్ఫేట్, గ్లాస్ అయొనోమర్ సిమెంట్లు సందు నింపి క్యాప్‌ను పట్టి ఉంచుతాయి గానీ ఈ పని చేయలేవు. రెజిన్ కలిపిన గ్లాస్ అయొనోమర్లయితే తొలినాళ్లలో వచ్చినవి కొన్ని నీరు పీల్చుకుని ఉబ్బి, లోపల్నుంచి క్యాప్‌నే పగలగొట్టాయి.

అయితే ఇదంతా మీ క్యాప్ దేనితో చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. పాతకాలపు పింగాణీ వంగుడు బలం (వంచితే పగలకుండా ఎంత ఓర్చుకుంటుందన్నది, దీన్ని మెగాపాస్కళ్లలో కొలుస్తారు) 100 మెగాపాస్కళ్లు దాటడం కష్టం, దానికి రెజిన్ లేకపోతే కథ ముగిసినట్టే. గాజు జాతికే చెందిన గట్టి సిరామిక్ లిథియం డైసిలికేట్ 360కి పైనే తట్టుకుంటుంది, తగినంత మందంగా ఉంటే మామూలు సిమెంటుతోనూ నడుస్తుంది, 1 మిల్లీమీటరుకు పలచబడితే రెజిన్ తప్పదు. మూడో రకం సిరామిక్ జిర్కోనియాలో గట్టిదైతే ఏకంగా 900 దాటుతుంది (మూడు రకాలూ చూడ్డానికి తెల్లగానే ఉంటాయి, అదే చిక్కు). దాని బలం సిమెంటు మీద పెద్దగా ఆధారపడదు, ఊడకుండా ఉండటానికే సిమెంటు. దానిలో గాజు లేదు కాబట్టి ఆ యాసిడ్ పనిచేయదు, సన్నటి అల్యూమినా పొడిని గాలితో కొట్టి ఎండీపీ అనే రసాయనం ఉన్న ప్రైమర్ (సిమెంటు పట్టడానికి ముందు వేసే పూత) రాయాలి.

మంచి సిమెంటు తెచ్చినా చేతిపని చెడితే లాభం లేదు. లిథియం డైసిలికేట్‌కు 5 శాతం యాసిడ్ 20 సెకన్లు చాలు, ఇంకాసేపు ఉంచితే ఇంకా బాగా అతుక్కుంటుందనుకుంటే సిరామిక్కే బలహీనపడుతుంది. సరిపోయిందో లేదో చూడ్డానికి నోట్లో పెట్టి తీసిన క్యాప్‌ను శుభ్రం చేయకుండా అతికించినా, ఉమ్మి తగిలినా, సిమెంటు పొర మరీ మందమైనా పట్టు పోతుంది.

మీ క్యాప్ నేను చూడలేదు కాబట్టి తీర్పు చెప్పలేను. పన్ను తక్కువగా అరగదీయడం వల్ల క్యాప్ పలచగా వచ్చి ఉండొచ్చు, పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరు సరిచేయడానికి క్యాప్ పైన గీరి పాలిష్ చేయకుండా వదిలేసి ఉండొచ్చు, మీకు నిద్రలో పళ్లు నూరే అలవాటు ఉండొచ్చు. నూరుతుంటే మాత్రం ముందు దాని సంగతి చూడండి, లేదంటే ఏ సిమెంటూ కాపాడదు.

కొత్తది వేసేటప్పుడు రెండే అడగండి: ఇది ఏ సిరామిక్, దీన్ని దేనితో అతికిస్తున్నారు? ఈ రెండూ రాయించుకుని దగ్గర పెట్టుకోండి, ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఉపయోగపడుతుంది. పగిలిన ముక్క ఉంటే పారేయకండి, ఇంట్లో జిగురుతో అతికించే ప్రయత్నం అసలే వద్దు, పట్టుకెళ్లి చూపిస్తే పగులు ఎటు నుంచి మొదలైందో కొంత తెలుస్తుంది. రెజిన్ సిమెంటు వేస్తే లైటుతో కొన్ని నిమిషాల్లోనే బిగుసుకున్నా, లోపల పూర్తిగా గట్టిపడటానికి దాదాపు ఒక రోజు పడుతుంది, ఆ ఒక్కరోజూ అటువైపు గట్టివి నమలకండి.